మాచ్‌నూర్ సంఘం రేడియో: గాలిలోకి రాకముందు పదేళ్లు

చదివేవారికి కూడా తెలియాలి కనుక మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో ఉన్న సంఘం రేడియో చరిత్ర కావాలన్నారు. స్టూడియో 1998లోనే కట్టారని ఒకచోట, ప్రసారం 2008లో మొదలైందని మరొకచోట చదివి, మధ్యలో పదేళ్లు ఏం చేశారని అడిగారు. దేశంలో తొలి కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులు తమ కోసం తామే నడుపుకునే చిన్న స్టేషన్, ఇదేనా, చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయానిదా అన్నది రెండో సందేహం. మీరుండే లింగంపల్లిలో 90.4 పెడితే ఈ స్టేషన్ బదులు ఇంకేదో వస్తోందన్నారు. మీ ఊళ్లోనూ ఇలాంటిది పెట్టాలని ఉందని, ముందుగా ఏ యంత్రం కొనాలని చివరగా అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేశాను. ఉద్యోగ విరమణ తరువాత హైదరాబాద్‌లోనే ఉంటూ, చిన్న స్టేషన్లు పెట్టుకునేవారికి యాంటెన్నా గురించీ అనుమతుల గురించీ తెలిసింది చెబుతుంటాను. ఏ స్టేషన్ గురించి అడిగినా యంత్రాలతో మొదలుపెట్టడం నాకు అలవాటు. సంఘం రేడియో విషయంలో మాత్రం యంత్రాలను చివరకు నెట్టక తప్పదు. నా లెక్కలో ఆ రేడియో 2008లో పుట్టలేదు. అప్పటికే దానికి పదేళ్లు నిండాయి. ఆ ఏడాది దానికి దొరికింది గాలిలోకి వెళ్లే దారి.

తొలి స్టేషన్ సంగతి తేల్చేస్తాను, అందులో పెద్ద చిక్కు లేదు. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రమే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్లు పెట్టుకునే అవకాశం ఇచ్చింది. ఆ దారిలో 2004 ఫిబ్రవరి 1న అన్నా విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో ప్రసారం మొదలుపెట్టింది. ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006 నవంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు. వాటి కింద ఒక స్వచ్ఛంద సంస్థ చేతుల మీదుగా దేశంలో మొదట గాలిలోకి వచ్చినది సంఘం రేడియో, 2008 అక్టోబరు 15న. కాబట్టి రెండూ తొలివే. ఒకటి ప్రాంగణాల్లో, మరొకటి పల్లెల్లో. నన్నడిగితే రెండోది ఎక్కువ కష్టపడి సంపాదించుకున్న పేరు.

మాచ్‌నూర్ ఝరాసంగం మండలంలో ఉంది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, అప్పుడు మెదక్. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా వెళితే జహీరాబాద్ వస్తుంది. దాన్ని దాటితే కర్ణాటక సరిహద్దు, బీదర్ ఎంతో దూరం లేదు. ఆ నేల మీద మాట్లాడే తెలుగులో కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి ప్రవహిస్తాయి. జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. డీడీఎస్ అంటే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. సుమారు 75 గ్రామాల్లో పేద మహిళలు, వారిలో ఎక్కువమంది దళితులు, ఊరికొక సంఘంగా కూడారు. పగలంతా పొలం పని ఉంటుంది కనుక రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవారు. ధాన్యం నిధి, విత్తనం, భూమి, కూలి, తాగుడు, పిల్లల చదువు అన్నీ ఆ కూర్చోవడంలోనే తేలేవి. రేడియో పేరులో ఉన్న సంఘం ఇదే. అందుకే, మొదట రేడియో పెట్టి తరువాత జనాన్ని కూడగట్టారని ఎవరైనా రాస్తే నమ్మకండి. జరిగింది దానికి తలకిందులు.

ఆ మహిళలకు ఆకాశవాణి ఉండగా వేరే రేడియో ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. నేను పెద్ద ట్రాన్స్‌మిటర్ల కొలువులో బతికినవాడిని, వాటి గొప్పతనం తెలిసినవాడిని. ఒక పెద్ద స్టేషన్ పది జిల్లాలకు ఒకేసారి మాట్లాడుతుంది. పది జిల్లాలకు పనికొచ్చే మాటే అది చెప్పగలదు. వరి నాట్లు, పత్తి పురుగు, యూరియా మోతాదు. జహీరాబాద్ చెలకల్లోనైతే నీళ్లు లేవు. అక్కడి ఆడవాళ్లు ఒకే ఎకరంలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, అనుము, అలసంద, నువ్వులు కలిపి వేస్తారు. ఒక్క చేనులో ఇరవై రకాలు వేసిన సందర్భాలూ ఉన్నాయి. వాన తగ్గితే ఒకటి పోతుంది, మరొకటి నిలుస్తుంది. చలికాలంలో నల్లరేగడిలో వాన లేకుండా, పారకం లేకుండా, మంచుకు పండే పంటలను వారు సత్యం పంటలంటారు. ఆ మాట మీకు ఏ వ్యవసాయ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. కడుపుతో ఉన్న చేను చుట్టూ తిరిగి పాడే శూన్యం పండుగ పాటలు నగరంలో కూర్చుని రికార్డు చేసేవి కావు. ఏ పంటకు ఏది తోడో, విత్తనం ఏ బూడిదలో కలిపి ఏ గుమ్మిలో దాచాలో చెప్పగలవారు అక్కడి ముసలమ్మలే. వారి యాసను మార్చకుండా, వారి మాటను మధ్యలో తుంచకుండా వినిపించే చోటు కావాలి. రేడియో కోరిక అక్కడి నుంచి వచ్చింది.

ఆ కోరికకు రూపమిచ్చినవారిలో పి.వి. సతీష్ ముఖ్యులు. డీడీఎస్ స్థాపకుల్లో ఒకరు, దాదాపు నాలుగు దశాబ్దాలు దాన్ని నడిపినవారు, 2023 మార్చిలో కన్నుమూశారు. మైసూరులో పుట్టిన ఆయన దూరదర్శన్‌లో చాలా ఏళ్లు నిర్మాతగా పనిచేశారు. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలోనూ ఉన్నారు. పైనుంచి పల్లెకు బొమ్మలు దింపే పని చేతులారా చేసిన మనిషి, ఆ తరువాత పల్లె చేతికే కెమెరా, మైకు ఇవ్వాలని పట్టుబట్టారు. అక్షరాలు రాని మహిళలు అక్కడ వీడియో తీయడం, కూర్చడం నేర్చుకున్నారు. రాయడం చదవడం రాకపోతే మాధ్యమం నడపలేరన్న మాటను వారు పనితోనే కొట్టిపడేశారు. రేడియోలో ఈ సంగతి నాకు మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే శబ్దాన్ని కూర్చేవారికి కావలసింది చెవి. జ్ఞాపకం మీద బతికినవారి చెవి, కాగితం మీద ఆధారపడిన నాలాంటివారి చెవికంటే పదునైనది.

యునెస్కో సహాయంతో మాచ్‌నూర్‌లో 1998 నాటికి స్టూడియో లేచింది. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు కూడా సమకూరాయి. చట్టం మాత్రం కదలలేదు. అప్పట్లో అమలులో ఉన్న 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం వైర్‌లెస్ మీద సర్వ హక్కులూ ప్రభుత్వానివే. అనుమతి లేకుండా యాంటెన్నాలోకి ఒక్క వాటు పంపినా నేరమే. లైసెన్సు అడిగితే స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే విధానమే లేదన్నారు. యంత్రాలు మూలన ఉండిపోయాయి.

మీరు అడిగిన పదేళ్లు ఇక్కడ మొదలవుతాయి. వారు స్టూడియోకు తాళం వేయలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లలో నింపి ఊరూరికీ పంపారు. రాత్రి సంఘం కూర్చున్నప్పుడు టేప్‌రికార్డర్ నడిమధ్యన పెట్టి వినేవారు. విన్నాక దాని మీద మాట్లాడుకునేవారు.

నేనీ ఏర్పాటు గురించి మొదట విన్నప్పుడు, దారి దొరికేదాకా చేసుకున్న సర్దుబాటు అనుకున్నాను. తరువాత నా అభిప్రాయం పూర్తిగా మారింది. పెద్ద స్టేషన్‌లో కార్యక్రమం వెళ్లిపోయాక అది ఎవరు విన్నారో, ఎక్కడ విసుక్కుని కట్టేశారో మాకు తెలిసేది కాదు. వారం పది రోజులకు ఒక కార్డు ముక్క వచ్చేది, అదీ మెచ్చుకుంటూ రాసినదే. క్యాసెట్ ముందు ఇరవైమంది కూర్చున్నప్పుడు అలా కుదరదు. వక్త సాగదీస్తే ఎవరో ఒకరు లేచి వెళతారు. పాట తప్పు పాడితే పక్క ఊరివారు అక్కడే దిద్దుతారు. మందు పేరు తప్పు చెబితే మంత్రసాని ఊరుకోదు. రికార్డు చేసిన మనిషి అక్కడే ఉంటుంది, ముఖం దాచుకోవడానికి చోటు లేదు, మర్నాడు సరిదిద్దుకుంటుంది. ఇలా పదేళ్లు. ఏ శిక్షణ సంస్థా ఇంత పాఠం చెప్పలేదు. లైసెన్సు వచ్చేసరికి వారి దగ్గర వందల గంటల రికార్డింగులు పోగుపడ్డాయి. వాటికి మించి, ఏది వింటారో ఏది వినరో తెలిసిన మనుషులు తయారయ్యారు. దేశంలో ఏ చిన్న స్టేషనూ అంత పెట్టుబడితో మొదలుకాలేదని నా నమ్మకం.

చట్టం ఎలా కదిలిందో చెప్పాలంటే 1995కు వెళ్లాలి. వివాదం మొదలైంది క్రికెట్ దగ్గర. 1993 హీరో కప్ పోటీలను టీవీలో ప్రసారం చేసే హక్కు ఎవరిదని బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకూ మధ్య తగాదా వచ్చింది. అది సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న వచ్చిన తీర్పు క్రికెట్‌ను దాటి చాలా దూరం వెళ్లింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి, వాటి వినియోగం ప్రజల మేలుకే జరగాలి, ప్రభుత్వానికి గానీ ఇంకెవరికి గానీ వాటిపై గుత్తాధిపత్యం ఉండరాదు అన్నది దాని సారం. ప్రధాన తీర్పు జస్టిస్ పి.బి. సావంత్‌ది. దానితో ఏకీభవిస్తూ విడిగా తీర్పు రాసినవారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. మన హైదరాబాద్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లినవారు. ఈ నగరంలో రేడియో గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు తలచుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తీర్పు వచ్చింది కానీ ఫలం వెంటనే పల్లెకు చేరలేదు. 1996లో బెంగళూరులో సమావేశమైన రేడియో కార్యకర్తలు ప్రజల స్టేషన్లకు అనుమతులు కావాలని ప్రకటన చేశారు. 2000 జులైలో యునెస్కో తోడ్పాటుతో డీడీఎస్ ఏర్పాటు చేసిన సదస్సు హైదరాబాద్‌లోనూ పస్తాపూర్‌లోనూ జరిగింది. అక్కడ వెలువడినదాన్నే పస్తాపూర్ ప్రకటన అంటారు. ప్రభుత్వ రేడియో ఉంది, ప్రైవేటు వ్యాపారులకు దారి ఇస్తున్నారు, మూడో వరుసలో ప్రజలకూ చోటివ్వండి అని అందులో అడిగారు. అదే ఏడాది ప్రైవేటు ఎఫ్‌ఎంల వేలం జరిగింది. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు స్టేషన్ మొదలైంది. 2006లో మన హైదరాబాద్‌లోనూ సినిమా పాటల స్టేషన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. డబ్బు కట్టగలిగినవారికి తరంగాలు దొరికాయి. పంట గురించి మాట్లాడుకోవాలన్నవారు ఇంకా క్యాసెట్లు మోస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేస్తూ నేనేమీ అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను, అది అన్యాయం.

ఇంకోచోట ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే మాచ్‌నూర్ ఓర్పు అర్థమవుతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో పొదుపు సంఘాల మహిళలు ‘మన రేడియో’ పేరుతో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. ఊరు దాటి ఎంతో దూరం పోయేది కాదు. కొన్ని నెలలకే, 2003 మొదట్లో, అనుమతి లేదని అధికారులు పరికరాలు తీసుకెళ్లారు. బీహార్‌లోని మన్సూర్‌పూర్‌లో ఒక యువకుడు తన మరమ్మతుల దుకాణం నుంచి నడిపిన రేడియోనూ 2006లో మూయించారు. కర్ణాటకలోని బూదికోటెలో మరో దారి తొక్కారు. ‘నమ్మ ధ్వని’ని గాలిలోకి పంపకుండా ఇళ్లకు వెళ్లే కేబుల్ టీవీ తీగల మీద పంపారు. ఓర్వకల్లు వారిని నేను తప్పుపట్టను. వారు చేసిన పనివల్లే ఇలాంటి చట్టం నిలవదన్న సంగతి చాలామందికి తెలిసింది. కానీ మాచ్‌నూర్ వారు ట్రాన్స్‌మిటర్ మీట నొక్కలేదు. నొక్కివుంటే ఒక వారం వినిపించేవారు, తరువాత గది ఖాళీ అయ్యేది.

2006 నవంబరు 16న కొత్త మార్గదర్శకాలు వచ్చాక కూడా ప్రసారానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఎక్కడికి పోయాయో మీకు తెలియాలి, రేపు మీకూ ఇదే దారి. దరఖాస్తు సమాచార ప్రసార శాఖకు వెళుతుంది. పరిశీలన సంఘం చూస్తుంది. హోం, రక్షణ వంటి శాఖల అభిప్రాయాలు రావాలి. తరంగాన్ని కేటాయించేది టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం. స్తంభం ఎత్తు విమానాలకు అడ్డు రాదని వేరే అనుమతి కావాలి. ఆ తరువాత ప్రభుత్వంతో ఒప్పందం, చివరగా ట్రాన్స్‌మిటర్ నడిపే లైసెన్సు. ఎక్కడ ఒక కాగితం ఆగినా మొత్తం ఆగుతుంది.

2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించినవారు జస్టిస్ సావంత్. పదమూడేళ్ల కిందట వాయు తరంగాలు ప్రజలవని రాసిన న్యాయమూర్తి, ఆ ప్రజల్లో అందరికంటే చివర నిలబడినవారి ఊరికి స్వయంగా వచ్చి మీట నొక్కారు. తీర్పు రాసినవారు దాని ఫలాన్ని కళ్లారా చూసే సందర్భాలు అరుదు.

స్టూడియో బాధ్యతను భుజాన వేసుకున్నవారు ఇద్దరు నర్సమ్మలు. ఒకరిని ఊరి పేరుతో అల్గోల్ నర్సమ్మ అంటారు, మరొకరిని జనరల్ నర్సమ్మ అంటారు. ఇద్దరూ ఆ సంఘాల కుటుంబాల నుంచి వచ్చినవారే. రికార్డింగు, కూర్పు, ప్రసారం అన్నీ వారి చేతి పనే. దేశవిదేశాల నుంచి చూడడానికి వచ్చినవారికి స్టూడియో గురించి వారే వివరిస్తూ వచ్చారు. ప్రసారం రాత్రి ఏడు దాటాక మొదలయ్యేలా పెట్టుకున్నారు. ఉదయం ప్రసారం ఎందుకు లేదని నగరం నుంచి వచ్చిన వారు అడుగుతుంటారు. ఉదయం వినేవారు కలుపు తీస్తుంటారు, అందుకు.

ఇక మీ లింగంపల్లి ప్రశ్న. మీకు 90.4లో వినిపిస్తున్నది బోల్ హైదరాబాద్. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి స్టేషన్. ఆ ప్రాంగణం మీకు పక్కనే. కమ్యూనిటీ మాధ్యమాల మీద యునెస్కో పీఠం కూడా 2011లో ఆ విశ్వవిద్యాలయంలోనే, ఆచార్య వినోద్ పావరాల ఆధ్వర్యంలో మొదలైంది. ఒకే అంకె మీద రెండు స్టేషన్లు ఎలా ఉంటాయని మీ సందేహం. చిన్న స్టేషన్లకు కేటాయించే తరంగాలు చాలా కొద్ది. 90.4, 90.8, 107.8 వంటివే దేశమంతా తిరుగుతుంటాయి. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయానిదీ 90.4 అంకే. ఒకదానికొకటి అందనంత దూరంలో ఉంటే ఇబ్బంది లేదు.

దూరం లెక్క మీరే వేసుకోవచ్చు. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు వెళ్లే దారిలోనే వెళుతుంది, నేల వంపు తిరిగిన చోట తప్పిపోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో ఎంతో దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ తరంగానికి దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నిబంధనల ప్రకారం ఈ స్టేషన్ల స్తంభం 30 మీటర్లు దాటకూడదు. 30కి వర్గమూలం సుమారు 5.5, గుణిస్తే 22 పైచిలుకు. వినే రేడియో మనిషెత్తున ఉంటే ఇంకో ఐదారు కిలోమీటర్లు కలుస్తాయి. జహీరాబాద్ చుట్టూ నేల చాలావరకు బల్లపరుపు. అందుకే సంఘం రేడియో పాతిక కిలోమీటర్ల దాకా వినిపిస్తుందని ఎవరైనా అంటే ఆ మాట నమ్మదగినదే. శక్తి మరో పరిమితి. ఈ స్టేషన్లకు ట్రాన్స్‌మిటర్ మామూలుగా 50 వాట్లు. యాంటెన్నా బలం కలుపుకుని 100 వాట్లు మించకూడదు. పాతరోజుల్లో వరండాలో వేసుకున్న వంద క్యాండిల్ బల్బు ఎంత కరెంటు తాగేదో అంత. నగరంలోని వాణిజ్య స్టేషన్లవి వేల వాట్లు. ఇంట్లో గోడల మధ్య చిన్న రేడియోలో స్పష్టంగా వినాలంటే పది పన్నెండు కిలోమీటర్లే ఖాయమైన లెక్క. వంద కిలోమీటర్ల అవతల మీకు అందే అవకాశం లేదు.

ఇంకో విశేషం ఉంది. మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు ఒకే అంకె మీద ఉంటే రెండూ కలగాపులగంగా వినిపిస్తాయి. ఎఫ్‌ఎంలో అలా జరగదు. రెండింటిలో బలమైనది రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. అందుకే ముంబై రోడ్డు మీద సాయంత్రం కారులో 90.4 పెట్టుకుని వెళుతుంటే ఒక చక్కని సంగతి గమనించవచ్చు. గచ్చిబౌలి దగ్గర బోల్ హైదరాబాద్ నిండుగా వస్తుంది. పటాన్‌చెరు దాటాక పలచబడుతుంది. సంగారెడ్డి, సదాశివపేట మీదుగా చాలాసేపు ఇసుక రాలినట్టు చప్పుడు తప్ప ఏమీ ఉండదు. జహీరాబాద్ దగ్గర పడుతున్నప్పుడు ఆ ఇసుకలో నుంచి ఒక ఆడమనిషి గొంతు లేస్తుంది. మళ్లీ మునుగుతుంది, ఇంకో గుట్ట దాటాక స్థిరపడుతుంది. ముప్పై ఏళ్లు సిగ్నల్ మీటర్లు చూసిన నాకు ఆ గొంతు తేలే క్షణం ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది.

చిన్న స్టేషన్ మనకు కొత్త కాదని కూడా చెప్పాలి. నిజాం కాలంలో హైదరాబాద్‌కు వచ్చిన దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితోనే మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. ట్రాన్స్‌మిటర్ శక్తిలో అది ఈనాటి కమ్యూనిటీ స్టేషన్‌కు నాలుగు రెట్లు మాత్రమే. తేడా ఏమిటంటే అది పాలకుడి రేడియో.

ఖర్చు, నిబంధనల గురించి త్వరగా చెబుతాను. వార్తలు సొంతంగా చదవకూడదు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికులే, స్థానికంగానే తయారుచేయాలి. వీలైనంతవరకు అక్కడి భాషలో, యాసలో ఉండాలని మార్గదర్శకాలే అంటాయి. ప్రసారం చేసిన ప్రతిదాన్నీ మూడు నెలలు దాచాలి. ప్రకటనలకు మొదట గంటకు ఐదు నిమిషాలే ఇచ్చారు, 2024లో దాన్ని పన్నెండు నిమిషాలకు పెంచారు. తరంగం వాడుకున్నందుకు ఏడాదికి 19,700 రూపాయలు కట్టేవారు. 2012లో దాన్ని ఒక్కసారిగా 91,000 చేశారు. దేశంలోని చిన్న స్టేషన్లన్నీ గొంతెత్తాక వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి ఒక్క ఉత్తర్వు చాలు, ఒక పల్లె స్టేషన్ మూతపడడానికి. ప్రకటనల మీద బతకగలమనుకుని మొదలుపెట్టకండి. జొన్న పండించేవారికి అమ్మడానికి ఏ కంపెనీ అంత దూరం రాదు. సంఘం రేడియో నిలబడడానికి కారణం జీతాల ఖర్చు తక్కువ కావడం, వెనుక సంఘాలు ఉండడం.

మీరు అడిగిన యంత్రం దగ్గరికి వచ్చాను. కొన్నేళ్ల కిందట నగర శివార్లలోని ఒక కళాశాల వారు నన్ను పిలిచారు. పేరు చెప్పను. గోడలకు ఖరీదైన స్పాంజి, రెండు పొరల గాజు కిటికీ, దిగుమతి చేసుకున్న మిక్సర్, అన్నీ సిద్ధం. స్తంభం మీద యాంటెన్నా తిప్పి పెట్టారు, దాన్ని నేను గంటలో సరిచేశాను. కేబుల్ జాయింటులో నీరు చేరకుండా టేపు చుట్టించాను, పిడుగు వాహకానికి మంచి ఎర్తు వేయించాను. అదంతా కుదిరింది. ప్రసారం మొదలయ్యాక రెండో వారానికి చెప్పడానికి వారి దగ్గర ఏమీ మిగల్లేదు. పాత సినిమా పాటలు వేశారు. మూడో నెలకు రోజుకు అరగంట. ఏడాది తిరగకుండా గది తాళం. అంత శ్రమపడి నిలబెట్టిన స్తంభం కింద ఒక్క మాటైనా లేకపోవడం నన్ను చాలా రోజులు వెంటాడింది.

అందుకే నా సలహా ఇది. ట్రాన్స్‌మిటర్ మాట మరో రెండేళ్లు తలపెట్టకండి. దరఖాస్తు చేసే సంస్థకు నమోదై కనీసం మూడేళ్లు ఉండాలి, సేవ చేసిన రుజువు ఉండాలి. అది లేకపోతే ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి. కొనవలసింది ఒక మంచి చేతి రికార్డర్, గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు ఉన్న ఒక మైకు, ఒక జత హెడ్‌ఫోన్లు. ఆ హెడ్‌ఫోన్లు రికార్డు చేస్తున్నంతసేపూ చెవులకు ఉండాలి. ఇంటికొచ్చి విన్నప్పుడు తెలిసే తప్పు దిద్దుకోలేనిది. ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు ఫ్యాను కట్టేయించండి, ఎంత ఉక్కగా ఉన్నా సరే. పాట రికార్డు చేశాక వెంటనే ఆపకండి. పాడినవారు ఆ పాట ఎవరు నేర్పారో ఆ తరువాతే చెబుతారు.

వారానికి అరగంట కార్యక్రమం చేయండి. ఈరోజుల్లో క్యాసెట్లు లేవు, ఫోన్లలో పంపితే పని అయిపోతుందని మీకు అనిపిస్తుంది. అలా పంపవద్దు. స్పీకర్ పెట్టి మీ ఊరి వారిని కూర్చోబెట్టి వినిపించండి. ఎక్కడ లేచి వెళ్లారో నిమిషంతో సహా రాసుకోండి. యాభై వారాలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రండి. యాంటెన్నా ఎక్కడ పెట్టాలో, దరఖాస్తులో ఏ గడిలో ఏమి రాయాలో కూర్చుని చూద్దాం.

ఈలోగా ఒక సాయంత్రం జహీరాబాద్ వెళ్లిరండి. బయలుదేరే ముందు ప్రసార వేళలు కనుక్కోండి. గచ్చిబౌలి దగ్గర 90.4 పెట్టాక, మధ్యలో ఎంతసేపు ఇసుక చప్పుడు వచ్చినా అంకె మార్చకండి.